ముందస్తు సెలవు

మొన్న మా అమ్మాయికి ఓటరు కార్డు వచ్చింది. పుట్టిన తేదీ దగ్గర 2004 ఏప్రిల్ కనబడగానే నాకు మా బావ గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండింది.

బావంటే మా అక్క మొగుడు. అక్క నెల్లూరులోనే ఉండేది. ఆయనా, నేనూ, మా ఆవిడా బర్ దుబాయ్‌లో ఒక ఫ్లాట్‌లో సర్దుకుని ఉండేవాళ్ళం. నాది బట్టల కొట్టులో ఉద్యోగం. ఆయన టైపింగ్ సెంటర్లో వీసా కాగితాలు కొట్టేవాడు. పొద్దస్తమానం జనం దరఖాస్తులు కొట్టి కొట్టి, లోకంలోని చట్టాలన్నీ తన వేళ్ళ కిందినుంచే పోతాయని నమ్మేవాడు. ఉల్లిపాయలు తరగమంటే కత్తి పక్కన పెట్టి కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, మార్చుకునే నిబంధనలు చెప్పేవాడు. చివరికి మా ఆవిడే తరుక్కునేది.

2003 చివర్లో మన శాసనసభను గడువుకు ముందే రద్దు చేశారు. మా ఆవిడకు అప్పుడు నాలుగో నెల. ఏడాదికి నాకొచ్చే ఒక్క నెల సెలవునూ కాన్పు కోసం ఏప్రిల్‌లో రాయించుకుని ఉన్నాను. వార్త విన్న సాయంత్రమే బావ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "అయిదేళ్ళనేది పైహద్దేరా అబ్బయా. ముఖ్యమంత్రి అడిగితే గవర్నరు ముందే రద్దు చేస్తాడు. చేసినాక ఇంక ఆగేదేముండాది? జనవరిలో ఓట్లు. నువ్వు సెలవు ముందుకు జరుపుకో. నీ పెళ్ళాన్ని పుట్టింట్లో దించినట్టూ ఉంటాది, ఓటేసినట్టూ ఉంటాది. కాన్పుకు ఎమర్జెన్సీ లీవు ఇస్తారులే, రూలుండాది" అన్నాడు. చిన్న వయసులోనే దుబాయ్ వచ్చేసిన నేను అప్పటిదాకా ఒక్కసారీ ఓటు వేయలేదు. ఆశ పుట్టింది. "ఓట్లు మళ్ళీ వస్తాయి" అంది మా ఆవిడ. వినిపించుకోకుండా మర్నాడే సెలవును జనవరికి మార్చమని కాగితం పెట్టాను. మా మేనేజరు, అదే ముదీర్, సంతకం పెడుతూ "ఛుట్టీ ఏక్ హీ బార్, ఫిర్ ఖలాస్" అన్నాడు, సెలవు ఒక్కసారే, ఆ తర్వాత ఇంక లేదని. అదీ చెవికెక్కలేదు.

జనవరంతా నెల్లూరులో ఎన్నికల తేదీ కోసం పేపర్లు తిరగేశాను. రద్దు చేయించేది ముఖ్యమంత్రే గానీ, తేదీ చెప్పేది ఎన్నికల సంఘమట. ఓటర్ల జాబితాలు సరిచూసుకుని తమకు కుదిరినప్పుడు పెడతారట. మా లాయరు బావకు ఈ సగం తెలియదు. సెలవు అయిపోయింది. ఆవిడను పుట్టింట్లో దించి, ఓటు వేయకుండానే తిరిగొచ్చాను. ఆ తర్వాత తేదీ తేలింది, ఏప్రిల్ అని. బావ దగ్గరుండి కొట్టిపెట్టిన ఎమర్జెన్సీ లీవు దరఖాస్తును ముదీర్ చదవనైనా చదవలేదు.

అసలు మంట ఇంకా ఉంది. ఏప్రిల్లో బావ పెట్టె సర్దుకున్నాడు. ఆయన సెలవు మొదటినుంచీ ఏప్రిల్లోనే ఉంది; నాకు అంత సలహా ఇచ్చిన మనిషి ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

"మరి నీది జరుపుకోలేదేం బావా?"

"మా సెంటర్లో జరపనీరురా. రూలు."

పోలింగ్ అయిన మూడోనాడు పాప పుట్టింది. ఫోన్లో మా ఆవిడ నీరసంగా, "ఓటు కోసమని వచ్చి పోయినారు. ఇప్పుడు ఓట్లూ అయిపోయినాయి, బిడ్డా పుట్టింది. మీరే లేరు" అంది. పాలు తాగుతోందా అని అడిగాను.

బావ తిరిగొచ్చాడు, ఎడమ చూపుడు వేలి మీద సిరా మచ్చతో. రెండు చేతులూ ఎడంగా పట్టి, "ఇంతుండాదిరా నీ కూతురు" అని చూపించాడు. ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇంకోసారి చూపించమన్నాను.

మళ్ళీ సెలవు దొరికి నేను పాపను మొదటిసారి ఎత్తుకునేసరికి తొమ్మిది నెలలు. నన్ను చూసి ఏడ్చి, అక్క చంకలోకి దూకింది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎలాగో గడిచిపోయాయి గానీ, ఆ తొమ్మిది నెలలు మాత్రం నాకింకా గడవలేదు.