క్లచ్ తొక్కి వాయించిన పాట

మా తమ్ముడు బస్సు డ్రైవరు. డిపోలో అందరూ వాడిని అగ్గిపెట్టె అంటారు. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరో తెలిస్తే వాడు ఇప్పటికీ టైరు కింద వేస్తాడు. కోపం ముక్కు మీద పెట్టుకునే పుట్టాడు. పుట్టగానే నర్సు వాడి వీపు మీద చరిస్తే తిరిగి చరిచాడని మా అమ్మ చెప్పేది.

యాభై దాటాక వాడికి గిటారు పిచ్చి పట్టింది. డిపో వార్షికోత్సవానికి మెకానిక్కులూ కండక్టర్లూ కలిసి ఒక రాక్ పాట కడుతుంటే తానూ దూరాడు. ఆ బృందంలో డ్రైవరు వీడొక్కడే. నేర్పే మేస్టారు వాడి కొడుకు వయసువాడు.

"బాబాయ్, దీనికి నాలుగే కార్డులు. జీ, డీ, ఈ మైనర్, సీ. పాటంతా వీటి చుట్టూ తిరగడమే" అన్నాడు మేస్టారు.

ఎడమచేతి వేళ్ళతో తీగలు నొక్కే ఒక్కో పట్టుకి ఒక్కో పేరన్నమాట. పట్లు త్వరగానే వచ్చాయి. చిక్కంతా మారడంలోనే. జీ నుంచి డీకి ఎడమచెయ్యి కదలగానే ఎడమకాలు దానంతటదే నేలను తొక్కేది, కుడిచెయ్యి ఆగిపోయేది. బతుకంతా ఎడమచేత్తో గేర్లు మార్చినవాడు మరి! క్లచ్ తొక్కకుండా మార్చడం వాడి ఒంటికి తెలియదు. ప్రతి మార్పు దగ్గరా పాట కుదుపుతో ఆగి, మళ్ళీ బయల్దేరేది.

"ఈ స్టాపులేంటి బాబాయ్? ఎవరైనా దిగాలా?" అన్నాడు డ్రమ్ములు వాయించే కండక్టరు.

"ముందు నువ్వు దిగరా!" అని వీడు గిటారెత్తి మీదికి పోయాడు.

ఇంట్లో సాధన చేస్తుంటే మా మరదలు ఆ ఎడమకాలిని కుర్చీకి కట్టేసింది. కుర్చీతో సహా తొక్కాడు.

తీరా వార్షికోత్సవం సాయంత్రం, వేదిక వెనక మేస్టారు గొంతు తగ్గించాడు. "బాబాయ్, నీ గిటారుకి స్పీకరు వైరు పెట్టట్లేదు. ఊరికే చెయ్యి ఊపు, చాలు."

"ఊపడానికి ఇదేమన్నా విసనకర్రా? పాట చెడితే నన్ను తిట్టండి, పడతాను. నోరు కుట్టేస్తే ఊరుకోను!"

మేస్టారి మాటకి పక్కనున్న నాకే ఒళ్ళు మండింది. తమ్ముడు వైరు లాక్కుని తనే గిటారుకి తగిలించుకున్నాడు.

పాట మొదలైంది. జీ. కాలు దడాలున పడింది, తీగ ఆగింది. డీ. మేస్టారు నుదురు కొట్టుకున్నాడు. మూడో మార్పుకి, తీగ ఆగిన చోట, వేదిక కింద నుంచి ధన్‌మని చప్పుడు. కూర్చున్నవాళ్ళలో సగంమంది డ్రైవర్లే. వాడి ఎడమచెయ్యి కదలడం చూసి వాళ్ళ ఎడమకాళ్ళు ఊరుకోలేదు. ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా హాలంతా ధన్, వెంటనే తీగ. నమ్మితే నమ్మండి, బయట నిలిపిన బస్సులు జానెడు ముందుకు జరిగాయి.

"అదిరింది బాబాయ్! మన ఐడియా అదిరింది!" మేస్టారు చెయ్యి చాపుతూ వచ్చాడు.

"మన?" అన్నాడు తమ్ముడు. గిటారు నుంచి వైరు పీకి ఆ చేతిలో పెట్టాడు.

"ఇదిగో. నువ్వు ఊపుకో."