సుభద్ర తలుపు తీసిందా?

నా చిన్ననాటి స్నేహితుడు జీవరత్నం ఖతర్‌లో మిషనరీ. రాజమండ్రిలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వాడు దేవుడి సేవకు వెళ్ళాడు, నేను కోతలు కోసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాను. నాలుగేళ్ళుగా రమ్మంటుంటే వెళ్ళలేదు. మొన్న ఫోన్ చేసి, వాళ్ళ మేరీ అక్క పెట్టెలో ఉన్న సీరియల్ బైండు రెండో భాగం పట్టుకుని శుక్రవారంలోగా దోహాలో ఉండమన్నాడు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు చింపి, కుట్టించి, అట్ట వేయించుకోవడం మా కాలంలో ఇంటింటి అలవాటు. ఫొటోలు తీసి పంపమంటే అక్క నూట డెబ్భై పేజీలకూ తన బొటనవేలు మాత్రమే పంపిందట. దాంతో నాకు ప్రయాణం పడింది.

గురువారం ఉదయం తొమ్మిది నలభైకి శంషాబాద్‌లో విమానం కదిలింది. పక్క సీట్లో దోహా వెస్ట్ బేలో పనిచేసే ఇంజనీరు. ఏం పని మీద వెళ్తున్నారని అడిగాడు. ఒంటెలకు ఈత నేర్పడానికన్నాను.

"ఏ కంపెనీ అండీ?" అన్నాడు, చాలా మర్యాదగా.

ఇడ్లీ, ఉప్మా పెట్టారు. తిని బైండు తెరిచాను. కథ బాగుంది. శేషు అనేవాడు భార్య సుభద్రకు చెప్పకుండా దేశాలు పట్టిపోయి, ఏళ్ళ తర్వాత తిరిగొస్తాడు. నలభై తొమ్మిదో వారం చివర వాడు వాకిట్లో నిలబడి తలుపు తట్టాడు. పేజీ తిప్పితే ఎవరో ఇన్‌స్పెక్టరు గోదాంలో శవాన్ని చూస్తున్నాడు. అక్క ఆఖరి వారం పక్క సీరియల్ పేజీలు చింపి కుట్టించేసింది.

ఖతర్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. పదకొండున్నరకు దిగి, పన్నెండున్నరకు బయటపడ్డాను. ఎండ సంగతి చెప్పాలంటే, టాక్సీ స్టాండులో కారు బానెట్ మీద ఆమ్లెట్ వేసుకుని తిన్నవాణ్ణి కళ్ళారా చూశాను, ఉప్పు తక్కువైందని విసుక్కుంటున్నాడు. నేను టాక్సీ ఎక్కకుండా రెండు రియాళ్ళ టికెట్టు కొని మెట్రో ఎక్కాను. మధ్యలో ఒకచోట రైలు మారాలి. బోర్డులు చూసుకుంటే తప్పిపోవడం కష్టం. అల్ సద్ స్టేషన్ బయట జీవరత్నం గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు.

ఆ సందులోనే ఒక ఆంధ్రా మెస్‌లో భోజనం చేశాం. గోంగూర అడిగితే రెండోసారి కూడా వేశారు. మంచి గ్రంథాలేమైనా చదువుతున్నావా అన్నాను. వాడు మజ్జిగ తాగడం ఆపి, ఆరు నెలలుగా బైబిలు వ్యాఖ్యాన గ్రంథంలో పెట్టిన రిబ్బను కదల్లేదనీ, చదివేదంతా అక్క పంపిన మొదటి బైండేననీ ఒప్పుకున్నాడు. అదీ ఒంటరిగా కాదు. ఊరి శివారు ముఐథర్‌లో వాడుండే విల్లాకు కాపలా ఉండే గంగారాం పక్కన కూర్చుని వింటాడు. గంగారాంది జగిత్యాల దగ్గర ఊరు, అక్షరం రాదు. ఆరాధన జరిగే ఆవరణ దాటి మతం గురించి ఒక్క మాట చెప్పకూడదనే అక్కడి చట్టం వీడికి తెలుసు, సీరియల్ చదివి వినిపిస్తే తప్పు లేదు కదా అనుకున్నాడు.

అసలు విషయం అప్పుడు చెప్పాడు. గంగారాం శుక్రవారం సాయంత్రం విమానానికి, కంపెనీ వదిలేసి పూర్తిగా వెళ్ళిపోతున్నాడు. ఆరేళ్ళ కిందట సెలవులో వెళ్ళినప్పుడు ఇక దుబాయ్ పోనని (వాళ్ళ వైపు గల్ఫంతా దుబాయే) భార్యకు మాటిచ్చి, జగిత్యాల బజారుకని చెప్పి విమానమెక్కేశాడట. అప్పటినుంచీ ఆమె ఫోన్ ఎత్తలేదు. సుభద్ర తలుపు తీస్తుందో లేదో తెలుసుకున్నాకే విమానమెక్కుతానని కూర్చున్నాడు.

నేను బైండులో సంగతి చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. వెంటనే అక్కకు ఫోన్ చేశాడు.

"ముప్ఫై ఏళ్ళయింది, నాకేం గుర్తు! చివర్లో అందరూ బాగానే ఉంటార్లే," అని పెట్టేసింది. పాత పత్రికలు ఎప్పుడో తూకానికి వేసేసిందట.

ఆ ముగింపు నేనే అల్లి చెప్తానన్నాను.

"అబద్ధం చెప్పి మనిషిని ఇంటికి పంపుతావురా?"

"కథంటేనే అబద్ధం కదరా."

"కథ వేరు, అబద్ధం వేరు," అన్నాడు. బస్సెక్కి ముఐథర్ వెళ్ళాం.

శుక్రవారం ఉదయం వాడు ఆరాధనకు వెళ్ళాడు, నేను ఏసీ కింద పడుకున్నాను. మూడింటికి గంగారాం వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, తాడు కట్టిన పెట్టె. టాక్సీ ఐదింటికి. జీవరత్నం గొంతు సవరించుకుంటుంటే నేను బైండు లాక్కుని, శవం ఉన్న పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాను. సుభద్ర దీపం పట్టుకొచ్చింది, కన్నీళ్ళు పెట్టుకుంది, తలుపు బార్లా తెరిచింది. నాకే కళ్ళు చెమర్చాయి.

గంగారాం తల అడ్డంగా ఊపాడు.

"గంత జల్ది తియ్యది సార్. చెప్పకుంట పోయినోడాయె. మా లచ్చవ్వ అయితే ముందుగాల లోపట్నుంచే తిడ్తది. వాడకట్టంత ఇనాలె. నేను వాకిట్ల గద్దె మీద కూసుంట. గొంతు ఎండేదాంక తిట్టి, అప్పుడు సప్పుడు జెయ్యకుంట గొళ్ళెం తీసి లోపటికి పోతది."

జీవరత్నం ఆగలేకపోయాడు. "గంగారాం గారూ, క్షమించండి. ఆఖరి పేజీలు ఇందులో లేవు."

"ఎర్కే సార్. ఈ సారు ఇంతసేపు చదివిండు, ఒక్క పేజీ తిప్పలే."

ఐదింటికి టాక్సీ వచ్చింది. పెట్టె ఎత్తుకుని, చెప్పులేసుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి నాతో మాత్రం చెయ్యి కలిపాడు.

మిగతా రెండు రోజులూ ఊరు చూశాను. వెస్ట్ బేలో మేడలు, సముద్రం ఒడ్డున నడక, రెండు రియాళ్ళ చాయ్. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఎండలో పనేమీ పెట్టుకోకండి. మెట్రోలో తిననివ్వరు. ఎంత తిరిగినా చెప్పులకు దుమ్ము అంటలేదు, ఊళ్ళో కంటే ఊరి నమూనాలో తిరిగినట్టనిపించింది. మాట్లాడించిన ప్రతివాడూ వేరే ఊరివాడు, ప్రతివాడికీ తిరిగి వెళ్ళే తారీఖు నోట్లోనే ఉంది.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి తిరుగు విమానం. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటుండగా జీవరత్నం నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గంగారాం గొంతు.

"సార్, తలుపు తీసే ఉండె. తిట్టలే. రెండు దినాలు ఒక్క మాట లేదు, తిట్టినా బాగుండు అనిపిచ్చింది. ఈయాల పొద్దుగాల అన్నం పెట్టుకుంట పాస్‌పోర్ట్ యాడున్నదని అడిగింది. ఇచ్చిన. బియ్యం డబ్బాల అడుగుకు పెట్టి, మూత మీద కూసున్నది. ఇంక లేస్తలేదు సార్."

రెండుసార్లు విన్నాను. కింద జీవరత్నం రాశాడు: ఒరే, ఇది నువ్వు నేర్పి చెప్పించలేదు కదా?

కాదని రాశాను. వాడు నమ్మాడో లేదో తెలిసేలోగా ఫోన్లు ఆపమన్నారు.