నీలిపూల పొదకు ఎర్రగుడ్డ

ఆ రోజుల్లో నాకు తెలివి కాస్త ఎక్కువని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇంట్లో మరెవరికీ ఆ నమ్మకం ఉండేది కాదు.) భోపాల్‌పట్నం అవతలి కొండల్లో మొక్కల సర్వే చేసే ఒక సాబ్ దగ్గర అప్పుడే పనిలో చేరాను. వానాకాలమంతా అడవిలో ప్రతి మొక్కా పూసింది గానీ, కొండమీద చెట్ల నీడన ఉన్న ఒక పొద మాత్రం మొగ్గయినా వేయలేదు. సాబ్‌కి అదే కావాలి. "ఆకు చూసి పేరు చెప్పలేను, ఫూల్ కావాలి. పూసిన కొమ్మ తెస్తేనే నీ నౌకరీ పక్కా, లేకుంటే ఛుట్టీ" అన్నాడు తన హిందీ తెలుగులో. మా ఇంట్లో నెలజీతం ఎరిగిన మొదటివాణ్ణి నేనే. అది పోతే అమ్మకు ముఖం చూపించలేను. మళ్లీ వచ్చినప్పుడు గుర్తు తప్పకూడదని నా ఎర్ర తువ్వాలు అంచు చించి ఆ పొదకు కట్టాను. నా ఉపాయానికి నేనే మురిసిపోతూ కొండ దిగాను.

దీపావళి కూడా దాటిపోయి, మిగతా పూలన్నీ రాలిపోయాక, ఒక ఉదయం కొండమీద నీలం కనబడింది. కత్తి పట్టుకుని పరుగెత్తాను. పొద నిండా పూలే! పొద ముందు పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు, కోడి ఈకలు. అడవిలో ఎర్రగుడ్డ కనబడితే మావాళ్లు దండం పెట్టకుండా దాటరన్న సంగతి, అక్కడే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు చూడండి. మొక్కడానికి వచ్చిన ఊరివాళ్లలో అందరికంటే ముందు నిలబడింది మా మేనత్త.

"ఏందిరా అల్లుడా, చెప్పులతోని వస్తున్నవు? ఇడువు!"

విడిచాను. "అత్తా, ఆ గుడ్డ కట్టింది నేనే, గుర్తుకోసం. ఇగో, నా తువ్వాలుకు అంచు లేదు చూడు" అన్నాను. ఆవిడ తువ్వాలును గుడ్డ పక్కన పెట్టి శ్రద్ధగా పోల్చింది. (నాకు ప్రాణం లేచొచ్చింది.)

"కట్టింది నువ్వే. నీతోని కట్టించింది ఎవరో నీకేం ఎరుక?" అని, నా చేతిలో కత్తి తీసుకుని దాంతోనే కొబ్బరికాయ కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. చేసేదేం లేక, నేను వెలయించిన దేవతకే కళ్లు మూసుకుని నౌకరీ నిలబెట్టమని మొక్కుకున్నాను.

సంగతి చెబితే, మర్నాడు సాబే కొండెక్కాడు. అత్త ఆయన బూట్లు విడిపించి, "కొయ్యొద్దు సారూ, రాలినయి తీస్కో" అని దోసెడు పూలు పోసింది. ఆయన వాటిని కాగితాల మధ్య భద్రంగా పెట్టి, ఫొటోలు తీసుకుని, "ఇంతమంది కాపలా ఉంటే ఇంకేం కావాలి!" అని నన్ను పనిలో ఉంచేశాడు.

ఆ చుట్టుపక్కల ఇప్పుడెవరూ మేకల్ని తోలరు, కొమ్మ నరకరు. ఏటా ఆ వాలంతా నీలం పూస్తుంది. సర్వేకి కొత్తగా వచ్చినవాళ్లు ఈ దేవత ఎప్పటిదని అడిగితే, తాతల కాలం నాటిదని చెబుతాను. మొదట్లో అలా చెప్పి పక్కకు తిరిగి నవ్వుకునేవాణ్ణి. అత్త పోయాక ఆ నవ్వు రావడం లేదు. నిజమే చెబుతున్నానేమోనని అనుమానం.