పుణ్యవతి సంతకం పెట్టని కార్డు

పాలప్యాకెట్టు చేతికి రాగానే పుణ్యవతి ముందు దాని మీది తేదీ చదువుతుంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నాక లోపల నేల ఉందో లేదో ఒకసారి చూసి గాని కాలు పెట్టదు. మందుల షాపువాడు ఇచ్చిన మాత్రల అట్టను వెలుతురుకు ఎత్తిపట్టి, అవి తనవేనా అని మూడుసార్లు అడుగుతుంది. మణికొండలో ఆ అపార్టుమెంటువాళ్ళందరికీ ఆమె సంగతి తెలుసు. కోడలు ప్రవీణ మొదట్లో నొచ్చుకునేది గాని, ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళేముందు తనే, "గ్యాస్ కట్టేశానండీ అత్తయ్యా, వెళ్ళి చూసుకోండి" అని నవ్వుతూ చెప్పేస్తుంది.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. కాకినాడ నుంచి పెళ్ళయి ఉత్తరాదికి వెళ్ళి, అక్కడ సైన్యానికి పారాచూట్లు మడతపెట్టే విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. తాను మడిచిన గొడుగు ఆకాశంలో తెరుచుకోవడం ఆమె ఒక్కసారీ చూడలేదు. తెరుచుకుంటే ఎవరూ చెప్పరు. తెరుచుకోకపోతేనే కబురు వస్తుంది. ఇరవై ఆరేళ్ళూ ఆ కబురు రాకూడదని కాచుకుని కూర్చుంది.

రిటైరయ్యాక కొడుకు ఉదయ్ భాస్కర్ దగ్గరికి వచ్చేసింది. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కొందరు సరదాకి కొనుక్కున్న తేలికపాటి విమానాలు ఉన్నాయని, వాటి పారాచూట్లు ఏటేటా విప్పి మడవడానికి మనిషి దొరకడం లేదని తెలిసింది. ఆ విమానాల్లో పారాచూట్ మనిషి వీపుకు ఉండదు, విమానానికే కట్టి ఉంటుంది. రెక్క విరిగినా, విమానం అదుపు తప్పినా ఇంజన్ ఆపి, ఎర్ర పిడి పట్టి గట్టిగా లాగాలి. చిన్న రాకెట్టు పేలి గొడుగును బయటికి లాక్కుపోతుంది. మనుషులతో సహా విమానం దాని కింద వేలాడుతూ దిగుతుంది. రాకెట్టు జోలికి పుణ్యవతి వెళ్ళదు, అది తయారుచేసినవాళ్ళ పని. గుడ్డ, తాళ్ళు, పిడి, చివర తనిఖీ కార్డు మీద సంతకం ఆమెవి.

అపార్టుమెంటు ఫంక్షన్ హాల్లో నేలంతా ఆ తెల్లటి గుడ్డ పరిస్తే వాచ్‌మన్ గుమ్మంలో ఆగిపోయేవాడు.

"ఏందమ్మా, గింత పెద్ద షామియానా! ఎవరి పెండ్లి?"

"ఎవరిదీ కాదు నాయనా. చెప్పులు అక్కడే విడువు."

డిసెంబరు మొదటి వారంలో సురేంద్ర ఫోను చేశాడు. ప్రొద్దుటూరు అబ్బాయి, గచ్చిబౌలిలో పెద్ద కంపెనీలో మేనేజరు. ఇద్దరు కూర్చునే విమానం ఒకటి ఉంది అతనికి. రెక్కలు మడిచి కోకాపేటలో సర్వీసు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పెడతాడు. సెలవు రోజుల్లో ట్రాలీ మీద శంకరపల్లి దాటాక ఉన్న ప్రైవేటు మైదానానికి తీసుకెళ్ళి ఎగురుతాడు. గత జూలైలో దాని గొడుగు మడిచింది పుణ్యవతే.

"ఆదివారం మా అమ్మను ఎక్కిస్తానాంటీ. డెబ్భై నిండుతున్నాయి ఆమెకు. ఇద్దరు ఎక్కాలంటే కొత్తగా తనిఖీ చేసిన కార్డు చూపించమంటున్నారు మైదానం వాళ్ళు. మీరొచ్చి ఒక సంతకం పెడితే చాలు."

"చూస్తే చాలు అను బాబూ. సంతకం సంగతి తర్వాత."

శుక్రవారం పొద్దున్న ఆమె షెడ్డుకు వెళ్ళేసరికి మెకానిక్ ఓబులేసు ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, సురేంద్ర వాళ్ళ ఊరివాడే, చేతిలో పని తెలిసినవాడు. ఆమెను చూడగానే గబగబా గుడ్డ తీసుకుని ఇంజన్ తుడవడం మొదలుపెట్టాడు. ఇంజన్ అప్పటికే మెరుస్తోంది.

పుణ్యవతి అది గమనించింది. కళ్ళజోడు పెట్టుకుని సీట్ల మధ్యకు వంగింది. నేల మీద ఉన్నంతసేపూ పిడికి అడ్డంగా ఉండాల్సిన పిన్ను ఉంది, దాని ఎర్ర రిబ్బనూ ఉంది. పిడి కదలకుండా కట్టిన దారమూ ఉంది.

ఆ దారం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

ఆమె కట్టేది ఒంటిపోగు ఎర్ర దారం. కుదుపులకు పిడి ఊడిపోకుండా ఆపుతుంది, చెయ్యి పడి లాగితే ఇట్టే తెగుతుంది. దాని బలం రెండు కిలోలకు మించకూడదు. ఇక్కడున్నది ముతక దారం, లావుగా, మాసిన రంగులో, పిడి మెడ చుట్టూ బిగించి ఉంది. ముడి కూడా తనది కాదు.

"ఓబులేసూ, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"యాది మేడమ్?"

"నువ్వు చూడకుండా అడుగుతున్నావే, అది."

ఓబులేసు చేతిలో గుడ్డ ఆగింది. "నాకు తెల్దు మేడమ్. నాది ఇంజన్ పని."

తెలియని మనిషి ముందు వచ్చి చూస్తాడు. వీడు ఉన్నచోటు నుంచి కదల్లేదు. గొడుగు విప్పి చూశాడా? తాడు ఏదైనా తెంపి, అది కప్పిపుచ్చడానికి దొరికిన దారంతో కట్టేశాడా? లేక సురేంద్రే ఇంకెవరి చేతనో చేయించి, ఇప్పుడు తన సంతకం ఒక్కటీ పెట్టించుకుని చల్లగా జారుకుందామనుకున్నాడా? "ఒక సంతకం పెడితే చాలు" అన్న మాట ఇప్పుడు ఆమెకు వేరుగా వినిపించింది.

ఎగిరిన తేదీలు రాసే పుస్తకం తెప్పించుకుంది. జూలై నుంచి ఒక్కొక్క పుట తిప్పింది. కొట్టివేతల కోసం, వేరే సిరా కోసం వెతికింది. ఏమీ లేవు. అనుమానించడానికి ఏమీ దొరకకపోవడం ఆమెను ఇంకా కలవరపెట్టింది. మళ్ళీ వంగి, పిడి కిందుగా వేలు రాసి చూసింది. వేలికి ఎర్రటి పొడి అంటింది.

తుప్పా? వాసన చూసింది. తుప్పు కాదు, కుంకుమ.

అప్పుడే బయట కారు ఆగింది. సురేంద్రతో పాటు వాళ్ళమ్మ అనసూయమ్మ దిగింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. ఎక్కబోయే విమానాన్ని ఒకసారి చూసుకుందామని వచ్చిందట.

"అయిపోయిందా ఆంటీ?" అన్నాడు సురేంద్ర.

"నా దారం తెంచి ఎవరో వేరేది కట్టారు. ఎవరో తేలేదాకా నేను కార్డు ముట్టుకోను."

సురేంద్ర ముఖం ఎర్రబడింది. "దారమేగా ఆంటీ? మా షెడ్డులో దొంగలున్నారంటారా?"

"ఉన్నారో లేదో నాకేం తెలుసు? అందుకే అడుగుతున్నాను."

ఓబులేసు తల పూర్తిగా వంచేశాడు. వాడి మెడ మీద చెమట చూసి, వీడే అని పుణ్యవతి మనసులో ఖాయం చేసుకుంటుండగా అనసూయమ్మ ముందుకు వచ్చి విమానంలోకి తొంగిచూసింది.

"ఇదా? ఇది నేనే కడ్తి గదా."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"దసరాకు ఆయుధపూజ చేస్తిమి గదా ఈడ. ఎలిసిపోయిన దారం ముక్క ఒకటి కనపడె. పోయినేటి కంకణం గాబోలు, పాతది ఉంచగూడదని కత్తిరించి పారేసి, కొత్తది కడ్తి. తొమ్మిది పోగులు, మూడు సుట్లు. నా బిడ్డ గాల్లో పోతాడే, గట్టిగా ఉండొద్దా?"

పుణ్యవతి ఓబులేసు వైపు తిరిగింది. "నువ్వు చూశావు."

"సూసినా మేడమ్." వాడు చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "అది ఉంటే మంచిది గాదని అనుమానం వచ్చె. పెద్దమ్మ కట్టిన కంకణం. నేను తెంపినాక సురేంద్రన్నకేమన్నా అయితే? ఆ పాపం నాకు సుట్టుకోదా? రోజూ సూస్తాండా, రోజూ ఊరకుంటాండా."

"దసరా తర్వాత ఎన్నిసార్లు ఎగిరావు బాబూ?"

సురేంద్ర జవాబు చెప్పేలోగా ఆమే పుస్తకం చూసింది. పదకొండుసార్లు.

"ఏమయిందిప్పుడు? ఏమీ గాలేదు గదా!" అంది అనసూయమ్మ. "నా కంకణమే కాపాడింది."

పుణ్యవతి తన సంచిలోంచి చెక్కపలక ఒకటి తీసింది. కొత్తవాళ్ళకు లాగడం నేర్పడానికి దాని మీద ఒక ఉత్తుత్తి పిడి బిగించి ఉంది. "మీరు ఎలా కట్టారో అలాగే దీనికి కట్టండమ్మా" అంది. అనసూయమ్మ చేతిసంచిలో పసుపు దారం ఉండనే ఉంది. మూడు చుట్లు చుట్టి, పళ్ళు బిగించి ముడి వేసింది. సురేంద్ర కారులోంచి లగేజీ తూచే చేతి కాటా తెచ్చి పిడికి తగిలించాడు. లాగాడు. పది కిలోలు. పద్దెనిమిది. ఇరవై మూడు. దారం వేలికి కోసుకునేంత బిగిసింది గాని తెగలేదు.

తర్వాత పుణ్యవతి తన ఎర్ర పోగు కట్టి, కాటాను అనసూయమ్మ చేతికిచ్చింది. ముసలామె ఇంకా సరిగ్గా పట్టుకోనైనా లేదు, టప్పున తెగి పిడి చేతిలోకి వచ్చేసింది.

అనసూయమ్మ ఆ పిడి వైపూ, పసుపు దారం వైపూ చూసింది. సీటు అంచున మెల్లగా కూలబడింది.

"పదకొండుసార్లా?" అంది. "పైన ఏమన్నా అయ్యి, ఈడు లాగితే..."

సురేంద్ర ఆమె చేతిలోంచి కాటా తీసుకున్నాడు.

పుణ్యవతి అంతటితో వదల్లేదు. పూజలో కొబ్బరికాయ ఎక్కడ కొట్టారని అడిగింది. గొడుగు పెట్టె పక్కనేనట. మూత అంచున నీటి మరక ఉంది. లోపల తడి చేరిందేమో విప్పి ఆరబెడితే గాని చెప్పలేనంది. కార్డు మీద 'ఎగరరాదు' అని రాసింది.

"ఆంటీ, ఆదివారం..." అన్నాడు సురేంద్ర.

"ఆదివారం లేదు, గీదివారం లేదు!" అనసూయమ్మ లేచి నిలబడింది. "ఆయమ్మ సరే అనేదాకా దీని దాపుకు వస్తివంటే కాళ్ళు ఇరగ్గొడ్తా. ఒరే ఓబులేసూ, ఈసారి నీకు అనుమానం వస్తే నాకు సెప్పు. నేను ఏమన్నా అంటే అననీ, నువ్వు సెప్పు."

"ఎప్పుడూ చెప్పాలి" అంది పుణ్యవతి వాడితో. కార్డు మీద తన పేరుండే గీత కింద ఇంకో గీత గీసింది. "ఇక్కడ నువ్వూ సంతకం పెడతావు. చూడకుండా పెట్టావో, నీ పని చెబుతాను."

తయారుచేసినవాళ్ళు ఒప్పుకున్న మనిషి వచ్చి రాకెట్టును వేరుచేశాక, తర్వాతి గురువారం ఫంక్షన్ హాల్లో గుడ్డ పరిచారు. లోపల ఒక మూల చెమ్మ తగిలి, చిన్న మచ్చ పడింది. పుణ్యవతి ఆ చోటును వెలుతురుకు పెట్టి, నొక్కి, లాగి, భూతద్దంతో చూసి, గుడ్డ బాగానే ఉందని తేల్చింది. రెండు రోజులు ఆరనిచ్చి శనివారం మడవడం మొదలుపెట్టింది. అనసూయమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, పొద్దున్నుంచీ రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. ఓబులేసు చెప్పులు విడిచి తాళ్ళు పట్టుకున్నాడు.

సాయంత్రానికి మూట సిద్ధమైంది. పుణ్యవతి పెన్ను మూత తీసింది.

"ఆగు తల్లీ" అంది అనసూయమ్మ. "ఆ నాలుగో మడత ఏసేటప్పుడు నేను నీళ్ళు తాగుతాంటి. అది సరిగ్గా పడిందని ఎట్ల నమ్మేది?"

"అమ్మా!" సురేంద్ర సిగ్గుపడిపోయాడు. "ఆమెకు ఇరవై ఆరేండ్ల అనుభవం."

"ఉంటే ఉండనీ. ఎక్కేది నా కొడుకు."

ఈ ఊరొచ్చాక పుణ్యవతి పనిని అనుమానించినవాళ్ళు ఎవరూ లేరు. పెన్ను పక్కన పెట్టి, మూట పట్టీలు వదులుచేసి, "కుర్చీ దగ్గరికి లాక్కోండి" అంది. నాలుగో మడత దాకా విప్పి, ఓబులేసును మొదటి తాడు నుంచి పైకి వినిపించేలా లెక్కపెట్టమంది.