అందరికీ అన్నకు నా వేలిముద్ర

ఆ రోజుల్లో ఇదంతా ఎందుకు రాసిపెట్టుకోలేదంటే, నాకు అక్షరాలు రావు, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. వయసు మీద పడినా చదువు వరకు పసిపిల్లనే. ఆత్మకూరు బస్టాండు దగ్గర దోసెలు పోసుకుంటూ, ఎక్కడ సంతకం అడిగినా బొటనవేలు చాచేదాన్ని. ఆ వేలు కూడా పొయ్యి దగ్గర అరిగిపోయి (రేషను మిషను నన్ను గుర్తుపడితే ఆ రోజు పండగే) పనికిరాకుండా పోయింది. అలాంటప్పుడు ఏ పార్టీ లేని ఒక బడిపంతులు ఎన్నికల్లో నిలబడి, "నెలనెలా అందరికీ డబ్బులు. కార్డు అడగం, వేలిముద్ర అడగం" అన్నాడు. నాకోసమే పుట్టినాడనుకున్నాను. మేమంతా ఆయనకు 'అందరికీ అన్న' అని పేరు పెట్టుకున్నాం.

ఆయనకు జెండాలు లేవు, జీపులు లేవు, ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. దాన్ని నడిపేది, నన్ను అందులో చేర్చింది ఉదయగిరిలో బట్టలు కుట్టే మిషనక్క. "ఆడదాని చేతికి విడిగా ఇస్తారంట, మొగుణ్ణి అడగాల్సిన పన్లేదు" అని నేను మాట్లాడి పంపింది సంగం దాకా తిరిగింది. మిగతావాళ్లు రాసేవి చదవలేను కాబట్టి, వాటి కింద బొటనవేలు బొమ్మ పెట్టేదాన్ని. అది వేలిముద్రే అనుకున్నాను. రేషను మిషను తోసేసిన వేలు ఇక్కడ ప్రతిసారీ పడుతుంటే ఆ సంబరమే వేరు (ఒకరు చనిపోయారన్న కబురు కింద కూడా వేసేశాను).

అన్న ఆత్మకూరులో మీటింగు పెట్టేదానికి ముందురోజు, మిషనక్క బస్సు దిగి నేరుగా నా పెనం ముందుకొచ్చింది.

"ఏంది పెద్దమ్మా, అన్న పోటీలోనించి తప్పుకున్నాడని ఎవుడో పుకారు పెడితే, దాని కింద వేలు పెట్టినావే?"

"అన్నిటికీ పెట్టినట్టే పెట్టినాను. పడింది కదా?"

"బాగా పడింది. నువ్వే ఒప్పుకున్నావని ఉదయగిరోళ్లు మాట్లాడుకున్న ఆటోలు కూడా వద్దనేసినారు. రేపు అన్న ఎవురికి చెప్తాడు, నీ దోసెలకా?"

గరిటె పక్కన పెట్టాను. అరిగిపోయిన వేలును అంతమంది నమ్ముతారని నాకేం తెలుసు? చదువు రాదని అన్ని ఊళ్లకూ ఒకేసారి చెప్పుకోవాలంటే సిగ్గేసింది. అయినా ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. "నాయనా, అన్న తప్పుకోలేదు. నాకు చదువు రాదు. ఆ వేలు లెక్కలోకి తీసుకోబాకండి, ఈ గొంతు తీసుకోండి."

మరునాడు ఆటోలు వచ్చాయి. అన్న నన్ను చూసి, "వేలిముద్ర అడగం అని చెప్పినా వేస్తివే పెద్దమ్మా" అని నవ్వాడు. (తర్వాత ఓడిపోయాడు, ఆ గ్రూపు మాత్రం ఇంకా ఉండాది.) ఆ సాయంత్రం బస్సెక్కబోతున్న మిషనక్కను ఆపి, 'అందరికీ'లో మొదటి అక్షరం చూపించమన్నాను. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో నా బండి చెక్క మీద 'అ' గీసి వెళ్లింది.

తెల్లారి మొదటి దోసెపిండిని ఆ గీత చూసుకుంటూ పెనం మీద పోశాను. మర్రిపాడు వైపు పోయే లారీ డ్రైవరు ప్లేటులోకి చూసి, "ఇదేంది, జిలేబీనా?" అంటూ నా మొదటి అక్షరాన్ని చట్నీలో ముంచుకుని తినేశాడు. నేను మళ్లీ గరిటె ముంచాను.