పిన్ని కంప్యూటర్‌లో మాయమైన అక్షరాలు

మా చిన్నప్పుడు... నిడదవోలు స్టేషన్ రోడ్డులో మా పిన్నికి చిన్న టైపింగ్ షాపు ఉండేది. అందులో ఒకే ఒక్క కంప్యూటర్. దానికో అల్లిక తొడుగు... ముట్టుకోవాలంటే చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని రావాలి. మా ఇంట్లో దేవుడి గూటికి కూడా అంత మడి లేదు.

ఇంటర్ సెలవుల్లో దాని మీదే నేనో ప్రోగ్రాం రాశాను. టైపు చేసి దాచుకునే చిన్న ఎడిటర్. మనం పెట్టుకున్న అక్షరాల సైజు, రంగు గుర్తుపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు అలాగే చూపించేది. పిన్ని తెగ మురిసిపోయి, "ఇంక పనంతా దీంట్లోనేనే" అనేసింది.

ఓ రోజు పొద్దున్నే పాస్టరు గారు వచ్చారు. ఆయన అమ్మగారు పోయారు... సాయంత్రం జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి ఆవిడ గురించి ఓ పేజీ కావాలి. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. నా ఎడిటర్‌లో తెలుగు రాదు గనక, ముక్కాలిపీట మీద కూర్చుని ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే పిన్ని టైపు చేసింది. మధ్యమధ్యలో ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. కళ్లకు హాయిగా ఉంటుందని పిన్ని నీలం తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకుంది. సేవ్ చేసి, కంప్యూటర్ కట్టేసి భోజనానికి వెళ్లాం.

మధ్యాహ్నం ప్రింటు తీద్దామని తెరిస్తే... తెల్లటి ఖాళీ పేజీ. ఒక్క అక్షరం లేదు!

మూసి తెరిచాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అదే తెలుపు. ప్రింటు కోసం తిరిగొచ్చి బయట బల్ల మీద కూర్చున్న పాస్టరు గారు "అయిందా అమ్మా?" అన్నారు. అంత ఏడుస్తూ చెప్పిన మాటలు ఆయన్ని మళ్లీ చెప్పమని ఎలా అడగడం?

"ఒక్క నిమిషం అయ్యగారండీ" అని పిన్ని నా భుజం మీద చెయ్యి వేసింది. "కంగారు పడకే... నువ్వు రాసిందేగా, ఎక్కడికి పోద్ది?" అంది.

ఏం చెయ్యాలో తోచక మౌస్ నొక్కిపట్టి ఆ తెలుపు మీద లాగాను. నీలం పట్టీ పడింది... అందులో అక్షరాలు! అమ్మగారి పేరుతో సహా అన్నీ ఉన్నాయి. నా ఎడిటర్ అక్షరాల తెలుపును గుర్తుపెట్టుకుని, వెనకున్న నీలాన్ని మర్చిపోయింది. వెనక రంగు దాచమని నేను రాయనే లేదు మరి. తెలుపు మీద తెలుపు... ఇంకేం కనపడుతుంది!

పిన్ని కుర్చీలో కూలబడింది. నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలీదు.

ఇప్పుడు ఫోన్లు మనం అడక్కుండానే అన్నీ గుర్తుపెట్టుకుంటున్నాయి. అయినా ఖాళీ పేజీ తెరుచుకుంటే నా గుండె ఝల్లుమంటుంది... "కంగారు పడకే" అనడానికి పిన్ని లేదు.

మిమ్మల్ని అంతలా భయపెట్టిన మొదటి కంప్యూటర్ ఏది? అప్పుడు మీ భుజం మీద ఎవరి చెయ్యి ఉంది?... చెప్పరూ.