విత్తనం కాయల కచేరి

మా పావగడలో శెనక్కాయల మాట తప్ప మరో మాట వినబడని రోజులవి. వాన పడితే వాటి గురించే, పడకపోతే మరీ వాటి గురించే. అలాంటి ఊళ్లో మా మామ సంగీత సభ నడిపేవాడు. (ఎందుకని అడిగినవాళ్లతో ఆయన మాటలు మానేసేవాడు.) ఏటా బెంగళూరు నుంచి ఒక ఫిడేలు విద్వాంసుణ్ణి పిలిపించేవాడు. ఒక ఏడు శ్రోతలు అయిదుగురు. అందులో ఒకాయన మృదంగం వాయించేవాడి బావమరిది, ఇంకొకాయన బస్సు కోసం ఆగినవాడు. విద్వాంసుడు ఫిడేలు పెట్టెలో పెడుతూ, "ఈసారి పిలిస్తే జనాన్ని కూడా పిలవండి," అనేసి వెళ్లాడు. ఆ మాట మామకు ఏడాదంతా నిద్ర లేకుండా చేసింది. "ఈ తూరి జనం రాకుంటే సభకు బీగం ఏసి, బీగంచెవి కుంటలో పారేస్తానప్పా," అన్నాడు నాతో. "కుంటలో నీళ్లు యాడుండాయి మామా, మళ్లీ దొరుకుతాది," అన్నాను. ఆయన నవ్వలేదు.

నేనప్పుడే శెనక్కాయల మండీలో గుమస్తాగా చేరాను. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. కూర్చుంటే కాలైనా ఊగాల్సిందే. సరిగ్గా కచేరి వారంలోనే వాన పడింది. ఊరంతా విత్తనం కోసం ఎగబడింది. మిషన్లో వేస్తే పప్పు పగిలి మొలకెత్తదు, చేత్తోనే ఒలవాలి. ఆడవాళ్లంతా ఆ పనికి మా గోడౌనులోనే ఉన్నారు, ఇక సభకు వచ్చేదెవరు? మా మండీ సావుకారేమో, "ఆదివారం పొద్దు మునిగేలోపల కాయలన్నీ ఒలిపించు, లేకుంటే సోమవారం రావద్దు," అన్నాడు. కచేరి కూడా ఆదివారమే. అటు మామ, ఇటు సావుకారు. రెండు రోజులు ఊరంతా తిరిగి తిరిగి, చివరికి కచేరిని గోడౌనులోనే పెట్టించేశాను. ఒక్క దెబ్బకు ఇద్దరూ ఒడ్డున పడతారని నా లెక్క.

విద్వాంసుడు లోపలికి రాగానే అంతమందిని చూసి ఆయన ముఖం వికసించింది. తర్వాత వాళ్ల ముందున్న కాయల గుట్టలు కనబడ్డాయి. "ఇదేమిటి?" అన్నాడు. "మా ఊరి ఆచారమండీ," అనేశాను. మామ అటు తిరిగి దగ్గాడు. మొదట అన్నీ హుషారైన కీర్తనలే. మృదంగం జోరందుకున్నకొద్దీ చేతులూ జోరందుకున్నాయి, పటపటమని గుట్టలు కరిగిపోతున్నాయి. సావుకారు నా చెవిలో, "ఈయప్పను దినామూ పిలిపిస్తే ఎట్లుంటాదప్పా?" అన్నాడు.

అంతలో కరెంటు పోయింది. మైకు చచ్చింది. విద్వాంసుడు కళ్లు మూసుకుని నింపాదిగా ఏదో రాగం ఎత్తుకున్నాడు. మృదంగం ఊరుకుంది. ముందు వరసలో ఒక చేయి ఆగింది, తర్వాత మరొకటి, ఆ తర్వాత వరసలకు వరసలే ఆగిపోయాయి. నా గుండె కూడా ఆగింది. వాళ్లందరికీ పని పురమాయించే మేస్త్రక్క దగ్గరికి వంగుతూ వెళ్లి, "అక్కా, చేతులు ఆడించమనక్కా," అని బతిమాలాను. "నోరు మూసుకో. ఆయప్ప ఏందో చెప్తా ఉండాడు," అంది. పొద్దు దిగిపోతోంది. సావుకారు కళ్లెర్ర చేస్తున్నాడు. ఉండబట్టలేక నేనే కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. పట్. ఆ నిశ్శబ్దంలో అది టపాకాయలా పేలింది. మళ్లీ పట్. ఆడవాళ్లంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. విద్వాంసుడు ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకున్నాడు.

కచేరి అయ్యాక ఆయన మామ చేతులు పట్టుకుని, "వచ్చే ఏడూ వస్తాను. ఇక్కడే పెట్టండి, మైకొద్దు. ఆ కాయలొలిచే అబ్బాయిని మాత్రం బయట కూర్చోబెట్టండి," అన్నాడు. మామ కళ్లు తుడుచుకుంటూ తలూపాడు. గుట్ట సగం మిగిలింది. సోమవారం నాకు పనీ లేదు.

ఇప్పుడు బెంగళూరులో చల్లటి హాళ్లకు వెళుతుంటాను. సగం కుర్చీలు ఖాళీ, మిగిలిన సగంలో నాలాంటి నెరిసిన తలలు. నింపాది రాగం మొదలవగానే ఒళ్లో ఫోన్లు వెలుగుతాయి. నేను మాత్రం రెండు చేతులూ కట్టుకుని కూర్చుంటాను. గోడౌను నిండా అంతమంది ఉంటే, ఆ సాయంత్రం ఆ రాగం వినని వాణ్ణి, సావుకారును మినహాయిస్తే, నేనొక్కణ్ణే. అదేం రాగమని అడగడానికి ఇప్పుడు మామ లేడు. అందుకే ప్రతి కచేరిలోనూ ఇదేనేమో, ఇదేనేమో అని కదలకుండా వింటాను. కాసేపే లెండి. తర్వాత కాలు ఊగడం మొదలవుతుంది, పక్కసీటావిడ అచ్చం మేస్త్రక్కలాగే నా వైపు తిరుగుతుంది.